కౌంటరుకి ఇవతల

షట్టరు ఇవాళ కూడా సగానికే లేచింది.

అత్తగారు మెట్ల మలుపులో నిలబడి కిందికి వంగి చూస్తున్నారు. ఇల్లు పైన, మందుల షాపు కింద. సగం లేచిన షట్టరు అవతల రెండు కాళ్ళు వచ్చి ఆగాయి. దగ్గు మందు ఉందా అని అడిగాయి.

"ఉంది," అన్నారు మామగారు లోపలినుంచి. "కానీ ఆ మూలమీద షాపులో తీసుకోండి."

"ఉందంటున్నారుగా?"

"ఉంది. అక్కడ తీసుకోండి."

కాళ్ళు కాసేపు తటపటాయించి వెళ్ళిపోయాయి.

"చూశావామ్మా?" అన్నారు అత్తగారు, వెనక్కి తిరక్కుండానే. వంటింట్లో ఉన్న కోడలికి ఆ ప్రశ్న తనకేనని తెలుసు. "ఉన్న సరుకు లేదనేవాళ్ళని చూశాను. ఉందని చెప్పి మరీ తరిమేసే మహానుభావుణ్ణి ఈ ఇంట్లోనే చూస్తున్నా."

స్టవ్ పక్కన ఒక గిన్నె బోర్లించి ఉంది. దాని అడుగున సొట్ట. ఫిట్స్ వచ్చి పడిపోయిన రోజున కోడలి చేతుల్లో ఉన్న గిన్నె అది. అప్పట్నుంచి ఎవరూ దాన్ని వాడటం లేదు. ఎవరూ పారెయ్యడమూ లేదు.

అత్తగారు లోపలికి వచ్చి కుడిచేతి చూపుడువేలి కట్టు సరిచేసుకున్నారు. ఆ రోజు కోడలి పళ్ళు బిగుసుకుపోతుంటే నాలుక తెగుతుందేమోనని ఆవిడ తన వేలు అడ్డం పెట్టారు. నోట్లో ఏమీ పెట్టకూడదమ్మా, పక్కకి తిప్పి పడుకోబెడితే చాలు అని ఆసుపత్రిలో నర్సు మందలించింది. ఆ ముక్క కరవకముందు చెప్పాలి కదా అని ఈవిడ తిరిగి నర్సుని మందలించారు.

"నొప్పి తగ్గిందా అత్తయ్యా?"

"తగ్గింది. ఎవరడిగినా తలుపు సందులో పడిందని చెబుతున్నా. కోడలు కరిచిందంటే మా అక్కచెల్లెళ్ళకి ఏడాది పాటు వేరే కబురక్కర్లేదు."

నవ్వాలో వద్దో తెలియక కోడలు టీ వడకట్టింది.

మామగారు పైకి వచ్చి బల్ల దగ్గర కూర్చున్నారు. జేబులోంచి ఫిట్స్ బిళ్ళల స్ట్రిప్పులు రెండు తీసి పక్కపక్కన పెట్టి, అంచులు సమంగా ఉండేట్టు వేలితో జరిపారు.

"ఇది కిటికీ పక్క అరలోది. ఇది లోపలి అరలోది. రంగులో తేడా కనిపిస్తోందా?"

"లేదు నాన్నా," అన్నాడు కొడుకు. అతను లిఫ్టులు బాగుచేస్తాడు. పనికి బయల్దేరబోతూ సంచీలో స్పానర్లు సర్దుకుంటున్నాడు.

"సరిగా చూడరా."

"చూశాను. రెండూ తెల్లగానే ఉన్నాయి."

"కంటికి తెల్లగానే ఉంటాయి. లోపల చచ్చిపోయుంటాయి." ఆయన ఎడమవైపు స్ట్రిప్పు మీద చెయ్యి పెట్టారు. "ఇంటి పిల్ల మందు కదా, అమ్మే సరుకులో కలవకూడదని విడిగా పెట్టాను. మధ్యాహ్నం ఆ అర మీద ఎండ పడుతుందన్న జ్ఞానం లేకపోయింది నాకు. ఇన్నేళ్ళ షాపు! చచ్చిన మందు తెచ్చి పిల్ల చేతిలో పెట్టాను."

"ఒక్కోసారి కారణం లేకుండా కూడా వస్తుందన్నారుగా డాక్టరుగారు."

"కారణం లేకుండా నీ లిఫ్టు ఆగుతుందా?"

"ఆగదు."

"మరి?"

కొడుకు సంచీ జిప్పు లాగాడు.

"మీ ఎండా కాదు, మీ అరా కాదు," అన్నారు అత్తగారు. "ఓ పూట వేసుకోవడం మర్చిపోయుంటుంది. అంతే."

"నేను మర్చిపోలేదు అత్తయ్యా."

"మర్చిపోయినవాళ్ళకి మర్చిపోయామని గుర్తుంటుందేంటి ఎక్కడైనా?"

ఆ మాటకి కొడుకు పెదవి చివర నవ్వు కదిలింది. మామగారు మాత్రం నవ్వలేదు.

"తను మర్చిపోయే మనిషి కాదే. పెళ్ళికి ముందు ఎన్నేళ్ళు వచ్చింది నా షాపుకి! ఒక్క నెల ఆలస్యం చేసిందా? ఆ పద్ధతి చూసే కదా వీడికి అడిగాను."

అది నిజం. చీటీ పట్టుకుని ఒక్కతే వచ్చే ఆ అమ్మాయిని ఆయన "ఏం కస్టమరూ, బాగున్నావా?" అని పలకరించేవారు. ఫిట్స్ అనే మాట ఆయన ముందు దాచాల్సిన పని లేకపోవడం ఆమెకి అప్పట్లో ఒక పండగలా ఉండేది. కోడలై వచ్చాక కూడా అదే పిలుపు. "కస్టమరూ, టీ అయిందా?" "కస్టమరూ, నా కళ్ళజోడు చూశావా?" పడిపోయిన రోజునుంచి ఆ పిలుపు ఆగిపోయింది. ఇప్పుడు "అమ్మా" అంటున్నారు. ఆ గౌరవం మొయ్యలేకపోతోంది ఆమె.

"ఇవాళ ఆ అరలోని పెట్టెలన్నీ కంపెనీకి తిప్పి పంపేస్తున్నా," అన్నారాయన. "ఆ తర్వాత షట్టరు సంగతి ఆలోచిస్తా."

"షట్టరు సంగతేముంది ఆలోచించడానికి?"

"పూర్తిగా దించెయ్యాలా అని."

అత్తగారి చేతిలోని గ్లాసు బల్లకి కొంచెం గట్టిగా తగిలింది. "దించేసి ఈ కుర్చీలో కూర్చుంటారా? అయితే ముందే చెప్పండి, నేను ఎక్కడికైనా పోతాను. పొద్దస్తమానం మిమ్మల్ని చూస్తూ బతకాలని నాకెవరూ చెప్పలేదు."

మామగారు రెండు స్ట్రిప్పుల్నీ మళ్ళీ జేబులో వేసుకున్నారు. టీ అలాగే ఉంది.

కోడలు ఆ గ్లాసుని ఆయన ముందుకి జరిపింది. ఎండకి ఏ మందూ చావలేదేమోనన్న అనుమానం ఆ ఇంట్లో ఆమె ఒక్కదానికే ఉంది. ఆ అనుమానం ఆమె హ్యాండ్‌బ్యాగులో, కళ్ళజోళ్ళు తుడిచే మెత్తటి గుడ్డలో చుట్టి ఉంది.

*

ఆ ఇంట్లో మెట్లు దిగడానికి ఒక పద్ధతి ఉంది. దిగేటప్పుడు కొడుకు ముందు, కోడలు వెనక. ఎక్కేటప్పుడు ఆమె ముందు, అతను వెనక. ఎటు తూలినా తన మీదే పడాలని అతని లెక్క. పెళ్ళయిన మర్నాడు మొదలుపెట్టాడు. ఎందుకని ఆమె అడగలేదు, ఇందుకని అతను చెప్పలేదు.

మలుపు దగ్గర అతను ఆగాడు. "నిజంగా మర్చిపోలేదు కదా?"

"లేదండీ."

"మర్చిపోతే చెప్పు. నేనేమీ అనను. నాన్న ఇలా అయిపోవడం చూళ్ళేకపోతున్నా."

"మర్చిపోలేదు."

"ఊఁ," అన్నాడు.

వాళ్ళిద్దరి మధ్య పెద్ద విషయాలన్నీ ఆ "ఊఁ"లోనే తెమిలిపోయేవి. పిల్లలకి ఒక ఏడాది ఆగుదామని మొదట్లో అనుకున్నారు. ఆ ఏడాది సాగినన్నాళ్ళూ జాగ్రత్త అతనిదే. సొంత మందుల షాపున్నవాడు, తండ్రి కళ్ళముందు నిరోధ్ పొట్లం తీసుకోలేక, బస్సెక్కి ఊరి ఆ చివరికి వెళ్ళి కొనుక్కొచ్చేవాడు. ఒకసారి ఆ షాపతను "నాన్నగారు కులాసానా?" అని అడిగేసరికి అక్కడికీ మానేసి ఇంకా అవతలికి వెళ్ళాడు. అది చెప్పి ఇద్దరూ దిండ్లలో మొహాలు పెట్టుకుని నవ్వారు.

ఏడాది అయ్యాక అతను "ఇక చాలేమో కదా" అన్నాడు. ఆమె "ఊఁ" అంది. మర్నాడే తను పనిచేసే కళ్ళజోళ్ళ షాపు వెనక వీధిలో, ఎవరూ తెలియని మందుల షాపులో, గర్భం రాకుండా వేసుకునే బిళ్ళలు కొంది. పరాయి షాపుకి వెళ్ళడం ఆమెకి నేర్పింది అతనే.

"వేరే మందులేమైనా వాడుతున్నారా?" అని ఆ షాపులో అడిగారు.

"లేదు," అంది.

వాడుతున్నానంటే ఏ మందని అడుగుతారు. ఆ మందు పేరు చెబితే ఎవరింటి కోడలో తెలిసిపోతుంది. మందుల షాపులవాళ్ళందరూ ఒకరికొకరు తెలుసు. ఒక బిళ్ళ ఇంటి షాపులో, ఒక బిళ్ళ పరాయి షాపులో. రెంటినీ ఒకచోట పెట్టి చూసే అవకాశం ఎవరికీ లేకుండా ఆమే చేసింది.

అతను స్కూటరు స్టార్ట్ చేసి వెళ్ళిపోయాడు. ఆమె షాపు ముందునుంచి నడిచింది. షట్టరు కింది సందులోంచి మామగారి పాదాలు కనిపించాయి. కదలడం లేదు.

*

కళ్ళజోళ్ళ షాపులో ఆమె పని కొలతలు తీయడం. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, ముక్కు మీద సన్నటి స్కేలు ఆనించి, ఒక కంటిపాప నుంచి రెండో కంటిపాపకి ఎంత దూరమో చూడాలి. అద్దం మధ్య భాగం సరిగ్గా ఆ పాప ముందుకి రావాలి. కొంచెం అటూ ఇటూ అయితే ఆ మనిషికి రోజంతా తలనొప్పి.

ఇవాళ ఎదురుగా కూర్చున్నది ఒక రిటైరైన పంతులమ్మ. స్కేలు ఆనించగానే స్కేళ్ళు రెండయ్యాయి. ముక్కులు రెండు. నాలుగు కళ్ళు ఆమెనే ఓపిగ్గా చూస్తున్నాయి.

"ఏమ్మా, నా కళ్ళు అంత ఎడంగా ఉన్నాయా?" అంది పంతులమ్మ.

ఆమె కళ్ళు గట్టిగా మూసి తెరిచింది. నేల కూడా కొంచెం ఒరిగింది. కుర్చీ పట్టుకుంది.

షాపు యజమానురాలు గాజు బీరువా పక్కనుంచి వచ్చి స్కేలు అందుకుంది. పంతులమ్మ కొలత తను తీసి, ఫ్రేములు చూడమని పంపి, ఈమెని లోపలి గదిలోకి లాక్కెళ్ళింది. కంటి పరీక్షలు చేసేది ఆవిడే.

"రెండు కనిపిస్తున్నాయా?"

"ఊఁ."

"ఒక కన్ను మూసుకో. ఇప్పుడు?"

"ఒకటే."

"రెండోది మూసుకో."

"ఒకటే."

"అయితే కళ్ళ తప్పు కాదిది. దేనికది బాగానే చూస్తోంది, కలిపి చూడమంటేనే పేచీ. మొగుడూపెళ్ళాలూ అంతే అనుకో." ఆవిడ ఈమె మొహంలోకి చూసి నవ్వు ఆపేసింది. "పోయిన వారం నీ ఫిట్స్ మందు పెంచారన్నావు కదూ. మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారు?"

"ఇవాళ సాయంత్రం. అత్తయ్యతో వెళ్ళాలి."

"సాయంత్రం దాకా ఎందుకు? ఆటో పిలుస్తా, ఇప్పుడే వెళ్ళు. మీ అత్తగారికి ఫోన్ చెయ్యనా?"

"వద్దు." ఆ మాట మరీ తొందరగా వచ్చేసింది. "నేనే వెళ్తాను."

*

డాక్టరమ్మ గదిలో పేషెంటు కుర్చీ పక్కన ఇంకో కుర్చీ ఉంది. పోయినసారి అందులో అత్తగారు కూర్చున్నారు. ఇవాళ ఖాళీగా ఉంది. ఆమె తన హ్యాండ్‌బ్యాగు అందులో పెట్టింది, ఎవరో ఒకరు ఉన్నట్టుంటుందని.

డాక్టరమ్మ కళ్ళలో లైటు వేసి చూసింది. ముక్కుని, తన వేలిని మార్చి మార్చి ముట్టుకోమంది. గీత మీద నడవమంది. నడుస్తుంటే ఆమె రెండుసార్లు తూలింది.

"మందు ఒంట్లో ఎక్కువైనట్టుంది. విచిత్రంగా ఉందే! పోయినవారం తక్కువైందని పెంచాను. నేను పెంచింది ఇంత ఎక్కువవడానికి చాలదు." ఆవిడ పెన్ను పక్కన పెట్టింది. "ఇంకేమైనా మందు వాడుతున్నావా?"

ఇదే ప్రశ్న పోయినసారీ అడిగింది. అప్పుడు ఆమె పక్క కుర్చీ వైపు చూసి, లేదంది.

ఇప్పుడూ పక్క కుర్చీ వైపే చూసింది. చెయ్యి చాపి బ్యాగు తెరిచి, మెత్తటి గుడ్డ విప్పి, స్ట్రిప్పు బల్ల మీద పెట్టింది.

డాక్టరమ్మ దాన్ని తిప్పి చూసింది. తిట్టలేదు. "ఎన్నాళ్ళనుంచి?"

"కొన్ని నెలలు. మూడు వారాలు వేసుకుని ఒక వారం ఆపాలి కదా, ఈ వారం ఆపాను."

"అదీ సంగతి. ఇది వేసుకుంటున్నన్నాళ్ళూ నీ ఫిట్స్ మందుని ఒంట్లో నిలవనివ్వదు, తోడేస్తుంది. అందుకే పడిపోయావు. నేనేమో తెలియక మందు పెంచాను. ఈ వారం నువ్వు ఇది ఆపేశావు. తోడేవాళ్ళు లేరు, పోసేవాళ్ళు ఎక్కువయ్యారు. అందుకే రెండు రెండు కనిపిస్తున్నాయి."

"అయితే ఆ మందు చెడిపోలేదా? ఎండకి?"

"ఏ మందు?"

"ఇంట్లోది. మా మావయ్యగారు ఇచ్చింది."

"నువ్వు పడిపోవడానికి ఈ బిళ్ళ ఒక్కటి చాలు, ఎండ అక్కర్లేదు. దానికేం, భేషుగ్గా ఉంది."

ఆమె తల వంచుకుంది. బోరున ఏడుస్తుందేమో అనుకుంది డాక్టరమ్మ. ఏడవలేదు.

"పోయినసారి మీ అత్తగారి ఎదురుగా అడిగాను," అంది డాక్టరమ్మ కొంచెం ఆగి. "ఆవిణ్ణి బయట కూర్చోమని అడగాల్సింది. తొందరలో ఉన్నాను. సరే, ఇప్పుడు చెప్పు. పిల్లలు అసలు వద్దా, ఇప్పుడే వద్దా?"

అంత మామూలుగా ఆ ప్రశ్న ఆమెని ఎవరూ అడగలేదు. ఎప్పుడు అని అడిగినవాళ్ళు ఉన్నారు. ఇంకా లేదా అని అడిగినవాళ్ళు ఉన్నారు.

"గిన్నె పడిపోయిందండీ," అంది.

"ఏ గిన్నె?"

"ఆ రోజు. చేతుల్లో ఉంది. పడిపోయినట్టు కూడా నాకు తెలియదు. లేచేసరికి సొట్ట పడి ఉంది." తన రెండు చేతుల్నీ చూసుకుంది. "మొన్న పక్కింటి వాళ్ళ పాపని అత్తయ్య నా ఒళ్ళో పెట్టారు. ఎంత ముద్దుగా ఉందో. మళ్ళీ తీసుకునేదాకా నేను ఊపిరి పీల్చుకోలేదు."

బయట ఎవరో తలుపు తట్టారు, డాక్టరమ్మ ఆగమంది.

"నీ మందు వేసుకుంటూ పిల్లల్ని కన్నవాళ్ళు నా దగ్గరే చాలామంది ఉన్నారు. కింద కూర్చుని పాలిచ్చేవాళ్ళు, పక్కన మనిషి ఉంటేనే నీళ్ళు పోసేవాళ్ళు. ఎవరి పద్ధతి వాళ్ళు చూసుకుంటారు. అది తర్వాత సంగతి. కావాలనుకున్నప్పుడు ముందే వచ్చి చెప్పు, మందు సంగతి నేను చూస్తాను. భయంగా ఉంటే ఆగు. ఆగడానికి దారులున్నాయి. ఈ బిళ్ళ ఒక్కటే కాదు."

"ఏమున్నాయి?"

"మీవారు జాగ్రత్తపడటం ఒకటి. దానికీ నీ మందుకీ సంబంధం లేదు."

ఆమె స్ట్రిప్పుని మళ్ళీ గుడ్డలో చుట్టింది.

"గర్భసంచిలో పెట్టే కాపర్-టి ఒకటి. అందులో రాగి తప్ప మందేమీ ఉండదు, నీ మందు జోలికి రాదు. కొన్నేళ్ళు ఉంచుకోవచ్చు, కావాలంటే రేపే తీయించుకోవచ్చు. నెలసరి కొంచెం ఎక్కువ కావచ్చు, నొప్పీ ఉండొచ్చు. అలాంటిదే ఇంకొకటుంది, హార్మోను ఉండేది. నెలసరి తక్కువవుతుంది, నీ మందుతో పెద్దగా పేచీ ఉండదు. ఏది నీకు నప్పుతుందో కాన్పుల డాక్టరు చూసి చెబుతుంది. ఇంకో మాట. ఇదంతా నీ మందుకి. ఫిట్స్ మందులన్నీ ఒకటి కావు. కొన్నిటితో వ్యవహారం తలకిందులు, ఆ మందే ఈ బిళ్ళని పనిచెయ్యనివ్వదు. కాబట్టి ఎవరో చెప్పారని ఏదీ మొదలుపెట్టకు, ఏదీ ఆపెయ్యకు."

"కాపర్-టి..." ఆమె ఆగింది. "ఆయన సంతకం కావాలా?"

"నాకైతే అక్కర్లేదు." డాక్టరమ్మ చీటీ రాస్తూ అంది. "మందు ఇవాళే తగ్గిస్తున్నా. రక్తం ఇచ్చి వెళ్ళు. ఈ బిళ్ళ మళ్ళీ మొదలుపెట్టొద్దు. సంతకం అక్కర్లేదు కానీ, ఇంట్లో ఒక్కరికైనా తెలియాలి. నువ్వు పడిపోయి ఉంటే, ఏమేం వాడుతున్నావో చెప్పడానికి ఒక నోరుండాలి కదా. ఎవరున్నారు?"

ఎవరున్నారు?

అమ్మ ఉంది. ఫిట్స్ ఉన్న పిల్లకి పెళ్ళయిందన్న నిశ్చింతలో ఉంది. ఆ నిశ్చింతని ఫోన్లో కదిలించడం ఆమెకి చేతకాదు. భర్త ఉన్నాడు. రోజూ మెట్ల మీద ఒక మెట్టు దూరంలో ఉంటాడు. ఆ ఒక్క మెట్టు దాటి ఈ మాట ఎలా చెప్పాలో ఇన్ని నెలలుగా తెలియలేదు.

"చూస్తాను," అంది.

*

ఆటో దిగేసరికి ఎండ ఇంకా ఉంది. షాపు కిటికీ మీద పడుతోంది. ఇంట్లోకి పక్కనుంచి మెట్ల దారి ఉంది. రోజూ ఆ దారినే వెళ్తుంది. ఇవాళ వీధి వైపునుంచి వెళ్ళి, వంగి, సగం షట్టరు కిందనుంచి లోపలికి వచ్చింది.

మామగారు అట్టపెట్టెకి టేపు అంటిస్తున్నారు. కిటికీ పక్క అర ఖాళీ. దాన్ని తుడిచి కూడా పెట్టారు.

"మూలమీద షాపులో తీసుకోండి," అన్నారు తలెత్తకుండా.

"కస్టమరు వచ్చింది మావయ్యా."

ఆయన తలెత్తారు. పెళ్ళయ్యాక ఆమె ఎప్పుడూ కౌంటరుకి అవతలే తిరిగింది. ఇవతల ఇలా, బ్యాగు భుజాన వేసుకుని నిలబడటం చూసి ఆయన చేతిలో టేపు అలాగే ఉండిపోయింది.

"అదేంటమ్మా, ఇటునుంచి వచ్చావు? డాక్టరు దగ్గరికి సాయంత్రం కదా?"

"వెళ్ళొచ్చాను. పెట్టెలు పంపకండి. మందు చెడిపోలేదు."

"నాకోసం చెప్పకమ్మా."

"మీకోసం కాదు. డాక్టరుగారే అన్నారు. భేషుగ్గా ఉందన్నారు." ఆమె గుడ్డ విప్పి స్ట్రిప్పు కౌంటరు మీద పెట్టింది. "దీనికీ దానికీ పడదట. ఇది నేను వేసుకుంటున్నాను. బయట కొన్నాను. మీకు చెప్పలేక."

మామగారు కళ్ళజోడు సర్దుకుని స్ట్రిప్పుని చేతిలోకి తీసుకున్నారు. ఎవరి మందైనా ఆయన అలాగే తీసుకుంటారు, అంచులు పట్టుకుని, వెనక్కి తిప్పి, పేరు చదివి. చదివారు. ఆయన మొహంలో మొదట వచ్చింది కోపం కాదు. ఆ రోజునుంచి భుజాల మీద ఉన్నదేదో దిగిపోయినట్టు ఆయన స్టూలు మీద కూర్చున్నారు.

"అయితే... నేనిచ్చింది..."

"మీరిచ్చింది మంచిదే మావయ్యా."

"పిచ్చిదానా," అన్నారాయన. "ఇవి ఈ రెండో అరలోనే ఉన్నాయి కదే. అడిగితే వద్దనేవాణ్ణి. పడవని చెప్పేవాణ్ణి."

"అందుకే మిమ్మల్ని అడగాల్సింది."

"ఏమిటి పడవు?"

అత్తగారు లోపలి గుమ్మంలో ఉన్నారు. చేతిలో టీ గ్లాసు, వేలికి కట్టు. ఎంతసేపటినుంచి ఉన్నారో తెలియదు. కౌంటరు మీద స్ట్రిప్పు కనిపించింది. ఇన్నేళ్ళు మందుల షాపు వెనక కాపురం చేసిన మనిషి. అవేమిటో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు.

"ఎవరివవి?"

ఆవిడ చూపు స్ట్రిప్పు మీదనుంచి కోడలి మీదికి వచ్చింది.

"అమ్మాయ్, నీవేనా?"

"నావే అత్తయ్యా."

ఆవిడ గ్లాసు కింద పెట్టారు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "నేను పక్కింటి పాపని తెచ్చి నీ ఒళ్ళో పెట్టాను," అన్నారు నెమ్మదిగా. "నువ్వు నవ్వావు. నీకూ ఇష్టమే, దేవుడే ఇవ్వట్లేదు అనుకుని నేను లోపలికెళ్ళి ఏడ్చాను. నాతో ఒక్క మాట చెప్పకూడదూ? వేలిచ్చాను కదే నీకు."

కోడలు ఆ కట్టు వైపు చూడలేకపోయింది.

మామగారు స్ట్రిప్పుని బోర్లా పెట్టారు. "నువ్వుండవే. ముందు నన్నడగనీ." ఆమె వైపు తిరిగారు. "వాడికి తెలుసా అమ్మా?"

అదొక్కటే ఆయన అడిగింది. జవాబు కూడా ఒక్క మాటే. లేదు. ఆ మాట నోటిదాకా వచ్చింది.

"తెలుసు నాన్నా."

షట్టరు కిందనుంచి వంగి లోపలికి వస్తున్నాడు అతను. స్పానర్ల సంచీ భుజాన ఉంది. కళ్ళజోళ్ళ షాపు యజమానురాలు అతనికి ఫోన్ చేసినట్టుంది. మొహానికి చెమట, చొక్కాకి గ్రీజు.

"నేనే తెచ్చిచ్చాను," అన్నాడు. "బయటనుంచి. ఇద్దరం అనుకునే చేశాం. తననేమీ అనొద్దమ్మా."

అత్తగారు కొడుకు వైపు చూశారు. మామగారు కొడుకు వైపు చూశారు. అతను ఎవరివైపూ చూడలేదు. బోర్లా ఉన్న స్ట్రిప్పుని తీసి, తిప్పి, దానిమీది పేరు మెల్లగా చదివాడు. మొదటిసారి చూస్తున్నవాడు చదివినట్టు చదివాడు. మళ్ళీ అక్కడే పెట్టేశాడు.

అది మామగారు చూశారో లేదో. ఆమె చూసింది.

"డాక్టరుగారు ఏమన్నారు?" అని అడిగాడు, కౌంటరుతో మాట్లాడుతున్నట్టు.

"మందు తగ్గించారు. ఇది ఆపమన్నారు. వేరే... వేరే దారులున్నాయన్నారు. మాట్లాడుకోమన్నారు."

"ఊఁ," అన్నాడు.

ఆ "ఊఁ" ఆమెకి తెలిసిన ఏ "ఊఁ" లాగానూ లేదు.

మామగారు లేచి, కర్ర అందుకుని, షట్టరుని పైదాకా నెట్టారు. వీధి వెలుతురంతా ఒక్కసారి లోపలికి వచ్చింది. అందులో నలుగురూ ఒకరికొకరు మరీ స్పష్టంగా కనిపించారు. ఎవరో ఒకతను వచ్చి తలనొప్పి బిళ్ళ అడిగాడు. మామగారు ఇచ్చారు.

అతను సంచీ తీసుకుని మెట్ల వైపు నడిచాడు. ఆమె వెనకే వెళ్ళింది. మెట్ల మొదట్లో, అలవాటు ప్రకారం, తను ముందు ఎక్కడానికి పక్కకి జరుగుతాడని ఆగింది.

అతను జరగలేదు. ఆగలేదు. ఒక్కో మెట్టూ ఎక్కుతూ మలుపు దాకా వెళ్ళాడు, మలుపు తిరిగాడు. అడుగుల చప్పుడు పైన ఎక్కడో ఆగింది.

మెట్లు ఇంకా కొంచెం రెండు రెండుగానే కనిపిస్తున్నాయి. ఆమె ఒక కన్ను మూసుకుంది, గోడ మీద చెయ్యి ఆనించింది, మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. వెనక ఎవరూ లేరు.